జమ్మిచెట్టు మీది మూట

విరాటపర్వం చెపుతున్నప్పుడు తరగతిలో పిల్లలు నిద్రపోరు. ముప్పది యేండ్లుగా తెలుగు పాఠం చెప్పిన అనుభవం మీద ఈ మాట అనగలను. ఆదిపర్వంలో వంశావళులకు ఆవులించినవాడు సైతం, వంటవాడైన భీముని దగ్గరకు వచ్చేసరికి నిటారుగా కూర్చుంటాడు. అందుచేత, క్రిందటి సంవత్సరం ఎనిమిదవ తరగతిలో కీచకుడు నర్తనశాలకు బయలుదేరిన ఘట్టంలో, మూడవ బెంచీ చివర ఒక పిల్ల తల వంచుకొని ఏదో గీస్తూ కనిపిస్తే నాకు కోపం కంటె ఆశ్చర్యమే ముందు కలిగినది. కోపం తరువాత వచ్చినది. నోటుపుస్తకం లాగుకొని సంచిలో వేసుకున్నాను.

రాత్రి భోజనమైన పిమ్మట ఆ పుస్తకం తెరచినాను. అది బొమ్మల కథ. పేజీకి ఆరు గళ్ళ చొప్పున స్కేలుతో గీతలు గీసి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క బొమ్మ వేసి, మాటలకు బుడగలు కట్టినది. కథ నర్సాపురం వైపు ఒక పల్లెలో జరుగుతుంది. వీధి అరుగు మీద కూర్చొని లేసు అల్లుకొనే ఒక ఇల్లాలు. భర్త చేపల చెరువు దగ్గర కాపలా పని చేస్తాడు. ఇద్దరు పిల్లలు. ఆ ఇల్లాలు పూర్వం డబ్బు పుచ్చుకొని మనుషులను చంపిన మనిషి. ఆ పని విడిచి, పేరు మార్చుకొని, ఈ ఊరు వచ్చి పెండ్లి చేసుకొన్నది. ఒకనాడు సాయంత్రం బస్సు దిగిన మనిషి ఒకడు బడ్డీకొట్టు దగ్గర నిలబడి ఆమె పాత పేరు చెప్పి వాకబు చేస్తాడు. అక్కడినుంచి కథ పరుగెత్తుతుంది. ఆమె చేతిలో ఆయుధం లేసు సూది.

బొమ్మలు గొప్పవని చెప్పను. కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు వంగి ఉన్నవి. చేతులు వేయడం రాదు కాబోలు, కథలో అందరి చేతులూ కొంగు చాటుననో, జేబులలోనో, వీపు వెనుకనో ఉన్నవి. కాని నేను రాత్రి పదకొండు దాటేవరకు పుస్తకం మూయలేదు. ఆఖరు పేజీలో ఒక గడి ఖాళీగా ఉన్నది. దాని క్రింద చిన్న అక్షరాలతో "కూతురికి తెలియాలా? వద్దా?" అని వ్రాసి, ఆ ప్రశ్నను మూడుసార్లు కొట్టివేసి, మళ్ళీ మూడుసార్లు వ్రాసుకొన్నది.

మా తరంవారికి ఇటువంటి పుస్తకాలంటే చిన్నచూపు. ఐతే ఆ చిన్నచూపు మాతోనే పుట్టలేదు. తణుకు వాస్తవ్యుడైన కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు వేయి నవలలు వ్రాసినారు. వాటిని చదివినవారు లక్షలు, చదివినట్లు ఒప్పుకొన్నవారు పదులు. మా పెద్దల పుస్తకాల అలమారలో ముందు వరుస ఒకటి, వెనుక వరుస ఒకటి ఉండేవి. కొవ్వలి వెనుక వరుసలో ఉండేవాడు. 1947లో వెలువడనారంభించిన "చందమామ" మాత్రం ముందు వరుసలో నిలిచినది. విచిత్రమేమంటే, ఆ "చందమామ"లో పిల్లలందరూ మొదట తిప్పే పుటలో రాజు ఒక చెట్టు మీదినుంచి శవాన్ని దించి భుజాన వేసుకొని నడిచేవాడు! శవం మంచిదే, చెట్టు మంచిదే, కత్తి మంచిదే. నోటుపుస్తకంలో లేసు అల్లే ఆడమనిషి చేతిలో సూది మాత్రమే చెడ్డదైనది.

బొమ్మలతో కథ చెప్పడం మన సీమకు నిన్న మొన్న వచ్చిన విద్య కాదు. కాకినాడ దగ్గరి మాధవపట్నంలో తోలుబొమ్మలు ఆడించేవారు ఉన్నారు. మేకతోలును పలుచగా చేసి, రంగులు వేసి, చిల్లులు పొడిచి, తెర వెనుక దీపం పెట్టి ఆడిస్తే రామాయణ భారతాలు కదిలేవి. నడుమ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి మోటు హాస్యం చేసి వెళ్ళేవారు. ఆ తెరకూ ఈ గడికీ భేదమల్లా, అక్కడ బొమ్మ కదులుతుంది, ఇక్కడ చదివేవాని కన్ను కదులుతుంది. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ, నర్సాపురంలో పుట్టిన బాపు, ఈ ఇద్దరూ మాటనూ బొమ్మనూ జోడెడ్లవలె కట్టి ఎంత దూరం నడిపించవచ్చునో చూపినారు. బుడుగు కేకలు బాపు గీత లేకుండా మనకు వినిపిస్తాయా?

మరి ఈ పిల్లకు ఈ కథ ఎక్కడినుంచి వచ్చినది? రాజమహేంద్రవరంలో చదువుకొంటున్న మా మేనల్లుడిని అడిగినాను. వాడు నవ్వి, "మావయ్యా, ఇది లోకమంతా ఉన్న కథ" అని చెప్పి, వారం రోజులలో నాకు ఒక చిన్న గ్రంథాలయమే చూపినాడు. జపానులో కజువో కొయికె వ్రాయగా గొసెకి కొజిమ బొమ్మలు వేసిన "లోన్ వుల్ఫ్ అండ్ కబ్" 1970 నుంచి 1976 వరకు వెలువడినది. షోగను ప్రభువు వద్ద తలారిగా ఉన్నవాడు కుట్రలో భార్యను పోగొట్టుకొని, పసివాడిని బండిలో కూర్చుండబెట్టి త్రోసుకొంటూ దేశం పట్టిపోతాడు. బయలుదేరేముందు తండ్రి ఆ పసివాని ఎదుట ఒక ప్రక్క కత్తి, ఒక ప్రక్క బంతి పెడతాడు. వాడు ప్రాకుకొంటూ పోయి కత్తి పట్టుకొంటాడు. ఆ గడి చూసి నేను పుస్తకం ప్రక్కన పెట్టి కాసేపు వీధిలోకి వెళ్ళి నిలుచున్నాను. అన్నప్రాశన నాడు మనమూ పిల్లవాని ఎదుట పుస్తకమూ, కత్తీ, పువ్వూ పెట్టి ఏది పట్టుకొంటాడా అని చూస్తాము గదా!

2020లో మొదలైన "సకమొతో డేస్" వేరు దారి. యూతో సుజుకి సృష్టి. హంతకులలో మేటి అయినవాడు ఒక దుకాణంలోని పిల్లను ప్రేమించి, పని మాని, లావెక్కి, పచారీ కొట్టు పెట్టుకొంటాడు. ఇక ఎవరి ప్రాణమూ తీయనని భార్యకు మాట యిచ్చినాడు. తలకు వెల కట్టి శత్రువులు వస్తూనే ఉంటారు. ఇతడు వారిని చంపకుండా ఓడించవలె. ఈ నియమంలోనే కథకు రక్తి ఉన్నది. 2015లో అమెరికాలో జోయెల్ జోన్స్, జేమీ రిచ్ కలసి తెచ్చిన "లేడీ కిల్లర్" మా పిల్ల కథకు మరీ దగ్గర. 1960లనాటి సియాటిల్ నగరంలో భర్త, కవలపిల్లలు, అత్తగారు ఉన్న ఒక ఇల్లాలు. పగలు ఇంటింటికీ తిరిగి సౌందర్య సామగ్రి అమ్మేదానివలె వెళ్ళి పని ముగించి, రాత్రికి వంట సిద్ధం చేస్తుంది. చివరకు యజమానులే ఆమెను మట్టుపెట్టజూస్తారు. భర్తకు ఏమీ తెలియదు. అత్తగారు మాత్రం అనుమానిస్తుంది. అత్తగారి కన్ను కప్పడం ఏ దేశంలోనూ సులభం కాదు కాబోలు.

అన్నిటిలోను నాకు నచ్చినది తత్సుయ ఎండో 2019లో ప్రారంభించిన "స్పై ఫ్యామిలీ". అందులో భర్త గూఢచారి, భార్య హంతకి, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. వారు పెంచుకొంటున్న చిన్నపిల్లకు ఇతరుల మనసులోని మాట వినబడుతుంది. అందుచేత ఇంట్లో అందరికంటె చిన్నదానికే అంతా తెలుసు, అది నోరు విప్పదు. హాస్యకథ అది. అయినా ఈ ఒక్క ఊహలో ఉన్నంత నిజం పై మూడింటిలోను లేదు.

మన తెలుగువారికి ఈ ఇతివృత్తం సినిమాలవల్ల బాగా పరిచితమే. 2002లో వచ్చిన "ఇంద్ర"లో కథానాయకుడు కాశీలో టాక్సీ నడుపుకొంటూ ఉంటాడు. సగం సినిమా అయిన తరువాత అతడు సీమలో ఎవరో, ఎందుకు వచ్చినాడో తెలిసి ప్రేక్షకులు ఈలలు వేస్తారు. అటువంటి చిత్రాలు పదుల సంఖ్యలో ఉన్నవి. వాటిలో గతం బయటపడడం ఒక పండుగ. మగవాని గతం ఎంత నెత్తురుతో తడిసినదైతే వాని గౌరవం అంత పెరుగుతుంది. ఆడదాని గతం బయటపడే కథలో ఈలలు ఎవరు వేస్తారు? ఊరు గుసగుసలాడుతుంది, అంతే. మా ఎనిమిదవ తరగతి పిల్లకు ఈ తేడా తెలుసు. ఆమె కథలో బడ్డీకొట్టు దగ్గరివాళ్ళు ఆ ఇల్లాలి పాత పేరు విన్నప్పుడు మొదట అడిగే ప్రశ్న "ఎవరిని చంపింది?" అని కాదు. "మొగుడికి తెలుసా?" అని.

లేసు అల్లేదానిని నాయికగా పెట్టడంలోనూ ఆ పిల్ల తెలివి కనిపించినది. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ అల్లిక నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలలో వేలాది ఇళ్ళలో స్త్రీల చేతిలో నిలిచినది. 1982లో మరియా మీస్ అనే జర్మను విదుషి ఈ లేసు పనివారిమీద ఒక గ్రంథం ప్రకటించినది. ఆ సరుకు సముద్రాలు దాటి అమ్ముడవుతుంది. దానిని అల్లే స్త్రీ మాత్రం ఊరి దృష్టిలో పనిమనిషి కాదు, వ్యాపారి కాదు, తీరికవేళ కాలక్షేపం చేస్తున్న గృహిణి. ఆమె చెప్పిన సంగతి స్థూలంగా ఇది. ఎవరూ చూడని మనిషి దాగుకొనడానికి అరుగు కంటె మంచి అడవి ఉన్నదా?

ఇంతవరకు ఆలోచించిన తరువాతగాని నాకు సిగ్గు వేయలేదు. ఆ పిల్ల పాఠం వినకుండా బొమ్మలు వేసినదని గదా నా కోపం! నేను చెపుతున్న పాఠం ఏమిటి? అజ్ఞాతవాసం. పాండవులు విరాటనగరం పొలిమేరలో శ్మశానం దగ్గరి జమ్మిచెట్టు మీద ఆయుధాలను మూటగట్టి పెట్టినారు. ఎవరూ దగ్గరకు రాకుండా దానితోపాటు ఒక శవాన్ని కట్టినారు. గోవులను కాచుకొనేవారు చూసి అడిగితే సంస్కృత భారతంలో వారు చెప్పిన సమాధానం, అది నూట ఎనభై యేండ్ల తమ తల్లి అని, ఇట్లు చెట్టుకు కట్టడం తమ కులాచారమని. తల్లి పేరు పెట్టి కత్తులను దాచినారు! ఎన్నిసార్లు చెప్పినానో ఈ ఘట్టం. ఎన్నడూ ఆ మాట దగ్గర ఆగలేదు. మా తరగతిలో ఒక్కతె ఆగినది. తల్లి అనే మూటలో ఏమున్నదని అడిగినది.

రాజమహేంద్రవరంలో నన్నయ ఆరంభించిన భారతాన్ని తిక్కన విరాటపర్వంతో చేపట్టినాడు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే నమ్మిక తెలుగునాట ఉన్నది. ఉత్తరగోగ్రహణంలో కురిసిన బాణాలవల్లనే ఆ నమ్మిక కలిగినదో లేదో నేనెరుగను. కాని పేరు మార్చుకొని బ్రతకడంలోని ఉక్కపోతను ఆ పర్వం చెప్పినట్లు మరొకటి చెప్పదు. ద్రౌపది సైరంధ్రియై పూలు కట్టుకొంటున్నది. తనను అయిదుగురు గంధర్వులు కాపాడుతున్నారని మాత్రం చెప్పింది. కీచకుడు వినలేదు. రాత్రి నర్తనశాలలో వాని ప్రాణం పోయినది. ఆమె మానం నిలిచినది, రహస్యం మాత్రం నిలువలేదు. కీచకుని చంపగలవాడు భీముడు తప్ప ఎవడున్నాడని హస్తినలో శంక పుట్టినది. ఆమెను రక్షించిన చేయే వారి జాడను పట్టిచ్చినది. బొమ్మల కథలన్నిటికీ ముడి ఇదే. పాత విద్య ఉపయోగిస్తే ఇల్లు నిలుస్తుంది, పేరు బయటపడుతుంది. ఉపయోగించకపోతే పేరు నిలుస్తుంది.

ఇక పాండవులకు ఒక సౌకర్యం ఉన్నది. వారి అజ్ఞాతవాసం ఒక్క సంవత్సరం. గడువు తీరగానే అర్జునుడు ఉత్తరుని చెట్టెక్కించి మూట దింపించినాడు. లేసు అల్లే ఇల్లాలికి ఆ గడువు లేదు.

ఇవన్నీ కథలు. నిజంగా ఆయుధం పట్టి, తరువాత సంసారం చేసిన స్త్రీలు లేరా అని తరగతిలో అడిగేవారికి నేను చెప్పే వృత్తాంతం వంగదేశానిది. మన కాకినాడలో 1933లో బాంబు కేసు జరిగినది. ప్రతివాది భయంకర వేంకటాచారి అందులో ప్రధాన ముద్దాయి. ఆయన అండమాను చూసి వచ్చినాడు. పోలీసు అధికారిపై పగతో చేసిన ప్రయత్నమది. దానికి రెండేండ్ల ముందు, 1931 డిసెంబరు 14వ తేదీన, కుమిల్లా పట్టణంలో ఇద్దరు బడిపిల్లలు జిల్లా మేజిస్ట్రేటు స్టీవెన్సు బంగళాకు వెళ్ళినారు. ఈతల పోటీ పెట్టుకొనడానికి అనుమతి కోరుతున్నట్లు ఒక అర్జీ తీసుకొని పోయినారు. అతడు దానిని చూస్తుండగా శాలువల చాటునుంచి తుపాకులు తీసి కాల్చినారు. అతడు మరణించినాడు. సునీతి చౌధురికి అప్పటికి పదునాలుగేండ్లు. శాంతి ఘోష్‌కు ఇంచుమించు అంతే. మా ఎనిమిది, తొమ్మిదవ తరగతుల వయస్సు!

వారు కూలికి చంపలేదు. దేశానికని చంపినారు. ఆ భేదం చిన్నది కాదు, నేను చిన్నది చేయను. కాని చచ్చినవాడూ ఎవరికో కొడుకు. ఉపాధ్యాయుడు ఈ రెండు వాక్యాలనూ ఒకే ఊపిరిలో చెప్పవలసి ఉంటుంది. పిల్లలు రెండవదానికి ముఖం చిట్లిస్తారు, చిట్లించనీయండి.

వయస్సు చిన్నదని ఉరి తప్పి యావజ్జీవ ద్వీపాంతరశిక్ష పడినది. 1939లో విడుదలైనారు. బొమ్మల కథలో తల్లి తన గతంనుంచి ఇంటిని కాపాడుతుంది. ఇక్కడ ఇంటిని కాపాడేవారు లేకపోయినారు. సునీతి జైలులో ఉండగా తండ్రి పింఛను ఆపివేసినారు. అన్నలిద్దరినీ నిర్బంధించినారు. తమ్ముడు పేదరికంలో తిండికి మాడి చనిపోయినాడు. ఆమె బయటికి వచ్చి, ఆగిన చదువు మళ్ళీ పట్టి, వైద్యురాలై, 1947లో వివాహమాడి, రోగులను చూస్తూ బ్రతికి 1988లో గతించినది. శాంతి ఘోష్ తన జీవితకథ వ్రాసుకొన్నది, శాసనసభకు వెళ్ళినది. ఒకరు మూట విప్పి నలుగురికీ చూపినారు. ఒకరు స్టెతస్కోపు మెడలో వేసుకొని నడిచిపోయినారు. ఎవరి దారి మేలైనదో నిర్ణయించే అధికారం నాకెక్కడిది? తమ్ముడి ఆకలి సంగతి మాత్రం ఏ వీరగాథలోనూ సరిపడినంత చోటు పొందదని నాకు తోస్తుంది.

నోటుపుస్తకం మరునాడే తిరిగి ఇచ్చివేసినాను. పిల్ల భయపడుతూ అందుకొన్నది.

"ఈ కథ ఎక్కడ చదివావమ్మా?" అన్నాను.

"చదవలేదండీ. నేనే కట్టానండి."

"మరి ఈ ఖాళీ గడి?"

అది కాసేపు కాలి బొటనవ్రేలితో నేల రాసి, "మా అమ్మ ఏడేళ్ళు కువైట్‌లో ఉందండి మాస్టారూ. రెండేళ్ళయింది వచ్చి. అక్కడి సంగతి అడిగితే ఏమీ చెప్పదండి. మంచం కింద పెట్టె ఉందండి, తాళం వేసి ఉంటదండి" అన్నది.

మన జిల్లాలనుంచి గల్ఫు దేశాలకు ఇంటిపనికి వెళ్ళిన తల్లులు ఎందరో! కోనసీమలో, నర్సాపురం ప్రక్కలలో, వారు పంపిన డబ్బుతో కట్టిన పక్కా ఇళ్ళు కాలువ గట్ల వెంట వరుసగా కనిపిస్తాయి. ఇళ్ళను చూస్తాము. అమ్మమ్మల దగ్గర పెరిగిన పిల్లలను మా తరగతులలో చూస్తాము. తిరిగి వచ్చినవారు సెంటు సీసాల సంగతి చెపుతారు, దుప్పట్ల సంగతి చెపుతారు. ఇంకేమీ చెప్పరు. ఆ పిల్ల పదమూడేండ్ల బుద్ధితో తల్లి మౌనానికి ఒక కారణం వెదకినది. దొరికినవాటిలో అన్నిటికంటె ధైర్యమైన కారణాన్ని ఎంచుకొన్నది. అమ్మ లోకానికి భయపడి దాచడం లేదు, లోకమే అమ్మకు భయపడవలె! నేనప్పటివరకు ఆ కథలో నెత్తురు చూసినాను. అది బెంగ అని నాకు తట్టలేదు. ఆ తల్లి దాచినది తాను చేసినది కాకపోవచ్చును, తనకు జరిగినది కావచ్చును. ఆ మాట పిల్లతో అనలేదు. ఎట్లనాలో తెలియలేదు.

"తెలియాలా వద్దా మాస్టారూ?" అని అదే అడిగినది.

"చెప్పేవాళ్ళకి చెప్పే రోజు ఒకటి రావాలమ్మా. అర్జునుడు కూడా గడువు చూసుకునే మూట దింపాడు" అన్నాను. సమాధానమని అనుకొని అన్నాను గాని, అది తప్పించుకోవడమే.

పరీక్షలు ముగిసి ప్రోగ్రెసు కార్డుల నాడు తల్లి వచ్చినది. నలభై దాటని మనిషి. సంచిలో లేసు ఉండ, సూది. సంతకం పెట్టి, "మా పిల్ల తరగతిలో బొమ్మలేసుకుంటందంట కదండీ. తిట్టండి మాస్టారూ" అన్నది. నేను తిట్టలేదని చెప్పేలోపుననే, కూతురి చంకలోని నోటుపుస్తకం లాగి తెరచినది. ఒకటొకటిగా తిప్పినది. నా గుండె దడదడలాడినది. పిల్ల గోడకు అతుక్కొని నిలుచున్నది. తల్లి చివరి వరకు చూసి, మళ్ళీ మొదటికి వచ్చి, అరుగు మీద లేసు అల్లుతున్న బొమ్మ దగ్గర ఆగినది.

"చేతులెయ్యలేదేంటే?"

"రావమ్మా నాకు."

ఆమె నా బల్ల మీద సంచి పెట్టి, సూది దారం తీసి, అల్లే భంగిమలో రెండు చేతులూ చాపి కూర్చున్నది. కుడి మణికట్టు పైన పాత కాలిన మచ్చ ఒకటి మోచేతివరకు ప్రాకి ఉన్నది. "ఇదుగో, చూసి వేసుకో. ఇది కూడా వెయ్యి" అన్నది.

పిల్ల నేల మీద కూర్చొని వేయసాగినది. నేను ఇతర తల్లిదండ్రులతో మాట్లాడడానికి వరండాలోకి వెళ్ళినాను. అరగంట గడచి వచ్చేసరికి వారు ఇంకా అక్కడే ఉన్నారు. వేళ్ళు సరిగా కుదరక పిల్ల రబ్బరుతో చెరిపి మళ్ళీ వేస్తున్నది. తల్లి చేతులు దించలేదు. నెమ్మదిగా ఏదో చెపుతున్నది. నన్ను చూసి ఆగినది. నేను కళ్ళజోడు మరచినట్లు నటించి, తీసుకొని, బయటికి వచ్చివేసినాను.